ఊపిరి రంధ్రం దగ్గర ఇద్దరు

మా అమ్మ ఉలాయు తన బొమ్మల్ని చుట్ట చుట్టి, తోలుకోటు వీపు సంచిలో వేసుకుని తెచ్చేది. మమ్మల్నందరినీ మోసిన సంచి అది. మోయడానికి పిల్లలు మిగల్లేదు గనక కాగితాలు మోస్తున్నానని నవ్వేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. సహకార సంఘం పనిపాకలోకి వచ్చి, బొమ్మని బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా మూలల మీద నా ఉలులే బరువు పెట్టి వెళ్ళిపోయింది.

ఎండ తిరిగొచ్చి మంచు మీద కళ్ళు పొడుస్తున్న రోజులు. సముద్రం ఇంకా గట్టిగా గడ్డకట్టే ఉంది. మా వాళ్ళందరం మంచు ఇళ్ళూ గుడారాలూ వదిలి చెక్క ఇళ్ళలోకి మారి అప్పటికి కొద్ది కాలమే. ముసలివాళ్ళు పాత రోజుల్ని కాగితం మీద గీసి ఇచ్చేవారు. వాటిని చదునైన రాతి మీదికి దించి, చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితాల మీద అచ్చు తీసేవాళ్ళం. చెక్కడం నా పని. రంగు పూయడం కుడ్లూ బాబాయి పని. ఏ బొమ్మ పనికొస్తుందో చెప్పడం ఎర్రగడ్డం పని. దక్షిణాది నుంచి వచ్చిన తెల్లవాడతను. అసలు పేరేదో ఉండేది గాని ఊళ్ళో అందరికీ ఎర్రగడ్డమే. మంచివాడు. మా మాట మూడేళ్ళ పిల్లాడిలా మాట్లాడేవాడు.

అతనికి బొమ్మ చూడగానే ప్రాణం లేచొచ్చింది. వసంతకాలపు మకాం అది. కొవ్వు దీపం ఎగదోస్తున్న ఆడమనిషి, తోలు గీకుతున్న ఇంకో ఆడమనిషి, కుక్కలు, ఎముక బొమ్మలతో ఆడుకుంటున్న పిల్లలు. కుడిచివర, మంచు మీద ఒక వేటగాడు, నీళ్ళలోని సీల్ జంతువు ఊపిరి కోసం పైకొచ్చే రంధ్రం మీదికి నడుం వంచి కదలకుండా నిలబడ్డాడు. అతని వెనకే బరిసె పట్టుకుని ఇంకొకడు. ఎడమచివర మంచు ఇంటి ముందు ఒకామె, చెయ్యి పైకెత్తి. ఇద్దరు స్నేహితులు కలిసి వేటాడుతున్నారు, ఎంత బాగుంది అన్నాడు ఎర్రగడ్డం. ఈ ఏడు అన్నిటికంటే ముందు దీన్నే చెక్కమన్నాడు.

అతను అటు వెళ్ళగానే కుడ్లూ బాబాయి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మూలల మీది ఉలులు ఒక్కొక్కటే తీసేశాడు. కాగితం దానంతటదే చుట్టుకుపోయింది.

"దీన్ని చెక్కకు" అన్నాడు.

ఎందుకని అడిగితే మీ అమ్మనడుగు అన్నాడు. ఆవిడ చెప్పదు అన్నాను. అయితే మీ మావని మాత్రం అడక్కు అన్నాడు. వదల్లేదు నేను. చివరికి తలుపు వేసొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. వెనక నిలబడ్డవాడి తోలుకోటు మీద, తెల్లటి జింక పొట్టతోలు పట్టీలో రెండు నల్ల రెక్కలున్నాయి చూడు, ఈ తీరం పొడుగునా అలాంటి కోటు ఒకడికే ఉండేది, తులుగాక్‌కి. అంటే మా మావగారు జోనాసీకి తండ్రి. నా భార్య మియాలీకి తాత. ముందు వంగి ఉన్నవాడు మా అమ్మ మొదటి మొగుడు అగియాక్.

మా నాన్నకి ముందు అమ్మకి ఇంకో భర్త ఉండేవాడని నాకు తెలుసు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. "వేటలో పోయాడని విన్నాను" అన్నాను.

"వేటలోనే పోయాడు" అన్నాడు కుడ్లూ బాబాయి.

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అప్పట్లో పోలీసులు కుక్కల బండి మీద వచ్చారు. ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాడు తులుగాక్, అంతకు మించి పెదవి విప్పలేదు. ఓడెక్కించి తీసుకుపోయారు. కొన్ని శీతకాలాలు పోయాక తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఏ మకాంలో ఉన్నా తన ఇల్లు అందరికీ ఎడంగా కట్టుకునేవాడు. ఎవరితోనూ కలిసి వేటకి వెళ్ళలేదు. ఆ ముసలాయన అలా ఒంటరిగా తిరగడం నాకూ తెలుసు. అది ఆయన తీరు అనుకునేవాణ్ణి.

ఊరు చిన్నది. సాయంత్రానికల్లా బొమ్మ సంగతి గడప గడపకీ పాకింది. మర్నాడు మా మావ మా ఇంటికి వచ్చాడు.

జోనాసీ మావ ఊళ్ళో పెద్దమనిషి. ఆదివారాలు ప్రార్థన చదివించేది ఆయనే. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. తులుగాక్ పోయి రెండేళ్ళు కాలేదు. ఆయన పోయిన చలికాలంలోనే మా బావమరిదికి కూతురు పుడితే ఆ పేరే పెట్టారు. పేరు పెట్టుకుంటే మనిషి తిరిగొచ్చినట్టే గనక, మావ ఆ పసిదాన్ని "నాన్నా" అనే పిలిచేవాడు. మా నాన్న నిన్న రెండడుగులు వేశాడు, మా నాన్నకి పన్నొచ్చింది అని చెబుతూ మురిసిపోయేవాడు.

ఆ రోజు ఆయన ముఖంలో మురిపెం లేదు. తలుపు పక్కనే నేల మీద కూర్చున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర బూటు అడుగుతోలు పళ్ళతో నొక్కి మెత్తబరుస్తోంది. మియాలీ ఆరో నెల కడుపుతో ఉంది, తండ్రికి టీ పోసి ఇచ్చి మధ్యలో కూర్చుంది. వియ్యంకులిద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

"మియాలీ, మీ అత్తనడుగు" అన్నాడు మావ. "బొమ్మలో కుడివైపు కొంచెం తీసేస్తే ఏమన్నా తక్కువవుతుందా అని."

అమ్మ తోలు నోట్లోంచి తీసింది. "మియాలీ, మీ నాన్నకి చెప్పు. కుడివైపు తీసేస్తే, ఎడమవైపు ఎందుకుందో ఎవరికీ తెలీదని."

ఆ మాట అప్పుడు మాలో ఎవరికీ అర్థం కాలేదు. మావ కప్పు కింద పెట్టాడు. "మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ బరువు మోశాడు. ఇప్పుడు దక్షిణాది వాళ్ళ గోడలకి వేలాడుతూ కూడా మోయాలా అని అడుగు."

అమ్మ మళ్ళీ తోలు నోట్లో పెట్టుకుంది. మావ కాసేపు చూసి, లేచి, నా దగ్గరికొచ్చి ఆగాడు. "చెక్కేది నువ్వు, అల్లుడూ. ఉలి నీ చేతిలో ఉంది" అని వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది.

ఆయన వెళ్ళాక అమ్మనడిగాను. నిజంగా అలా జరిగిందా అంటే, గీశాను కదా అంది. నాకు ఒళ్ళు మండింది. "చంపినవాడి ఇంటి పిల్లని నాకెందుకు చేశావు మరి?" అన్నాను. మియాలీని కోరి తెచ్చింది అమ్మే. తులుగాక్ బతికుండగా ఆయన గుడారానికి తనే నడిచి వెళ్ళి, నీ మనవరాల్ని నా కొడుక్కి ఇవ్వమని అడిగింది.

అమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "మంచి పిల్ల గనక" అంది.

మియాలీకి ఆ జవాబు చాల్లేదు. నాకు మొదటిసారి చేపని ముళ్ళు తీసి నోట్లో పెట్టింది మా తాత, కంటికి మంచు వెలుతురు తగలకుండా ఎముక అద్దాలు చెక్కిచ్చింది ఆయన అంటూ ఏడ్చింది. ఆ రాయి చెక్కొద్దని నన్ను అడిగింది. అమ్మ గీసింది చెక్కనని ఎలా చెప్పను అన్నాను. "అయితే ఈ కడుపులో బిడ్డకి ఏం చెప్పమంటావు? మీ నాయనమ్మ మొగుణ్ణి మీ ముత్తాత వెనకనుంచి పొడిచాడనా?" అంది. మర్నాడు తన పరుపు తోళ్ళు చుట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పుట్టిల్లంటే మా ఇంటికి కేకవేస్తే వినిపించేంత దూరం. పొద్దున లేస్తే వాళ్ళ పొగగొట్టం కనిపించేది. అది ఇంకా బాధ.

నేను పని మొదలుపెట్టాను, మొదలుపెట్టకుండా ఎన్నాళ్ళుంటాను. రాయి నున్నగా అరగదీశాను. బొమ్మ తిరగేసి దించాను. నల్లరంగు పూసి, తెల్లగా రావాల్సినచోట చెక్కుతూ పోయాను. రాతిపనిలో తీసేసింది తెలుపు, ఉంచింది నలుపు. ఒక్కసారి ఉలి దిగితే మళ్ళీ అతకదు. కుక్కల్ని చెక్కాను. దీపం చెక్కాను. పిల్లల్ని ఎంతో ఓపిగ్గా చెక్కాను. ఆ ఇద్దరు మనుషులున్న చివర మాత్రం ముట్టుకోలేదు. ఎర్రగడ్డం రోజూ వచ్చి, ఇంకెంతకాలం అని అడిగేవాడు. మంచి రాయి కాదు, జాగ్రత్తగా పోవాలి అని చెప్పేవాణ్ణి. కుడ్లూ బాబాయి పక్కనుండి వినీ విననట్టు ఊరుకునేవాడు. చెయ్యి జారిందని చెప్పి ఆ చివర విరగ్గొట్టెయ్, పీడ పోతుంది అన్నాడు ఒకరోజు. ఉలి కూడా పెట్టి చూశాను. సుత్తి లేవలేదు.

దుకాణంలో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ముసలివాళ్ళలో కొందరు అమ్మ పక్షం, కొందరు మావ పక్షం. మొగుడి చావుని ఇన్నాళ్ళకి రంగులేసి అమ్ముకుంటోందని ఒకావిడ అందరి ముందూ అంది. అమ్మ విననట్టే పిండి కట్టించుకుని వచ్చేసింది. ఆదివారం ప్రార్థనలో మావ చదువుతుండగా అమ్మ లోపలికి వచ్చింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. ప్రార్థన మందిరంలో తలలన్నీ అమ్మ వైపు తిరిగాయి. తర్వాత ఆయన వదిలేసిన వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాడు.

ఆ వెనువెంటనే పెద్ద మంచుతుఫాను పట్టుకుంది. రోజుల తరబడి తలుపు తియ్యనివ్వలేదు. అది తెరిపిచ్చేసరికి ఊళ్ళో ఎవరింట్లోనూ మాంసం లేదు, కుక్కలు తాళ్ళు కొరుకుతున్నాయి. మా బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు. రేపు పొద్దున నాన్న సీల్ వేటకి వెళుతున్నాడు, నిన్ను రమ్మన్నాడు. ఇంకెవరొస్తున్నారు అని అడిగాను. ఎవరూ రావట్లేదు అన్నాడు, నా ముఖం చూడకుండా.

కుడ్లూ బాబాయికి చెబితే, పనుందని చెప్పెయ్ అన్నాడు. అమ్మకి చెబితే నా చేతితొడుగులు పొయ్యి మీద ఆరబెట్టి, తిప్పి, మళ్ళీ ఆరబెట్టింది. పొద్దున వాటి తాడు నా మెడచుట్టూ తనే కట్టింది. ఎన్నడూ లేనిది ముడి పడ్డానికి చాలాసేపు పట్టింది.

"వెళ్ళనా?" అని అడిగాను, చిన్నపిల్లాడిలా.

"మీ మావ ఊరికే పిలిచే మనిషి కాదు. వెళ్ళు" అంది.

ఆ ప్రయాణంలో మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. కుక్కల బండి గలగలమంటూ తెల్లటి మైదానంలో పరిగెత్తింది. అప్పటికే కొందరు మోటారు బళ్ళు కొన్నారు గాని మావ కుక్కల్ని వదల్లేదు. ఒడ్డు కనుమరుగయ్యాక ఆగాం. కుక్కలు వాసన పట్టి రెండు ఊపిరి రంధ్రాలు చూపించాయి. నువ్వు ఇక్కడ నిలబడు, నేను అక్కడుంటా అన్నాడు మావ. ఆయన చూపించిన రంధ్రం చాలా దూరంలో ఉంది. నా గుండె కొంచెం కుదుటపడింది.

మంచు పొర తొలిచి, సన్నటి ఎముకపుల్ల రంధ్రంలోకి దించాను. సీల్ ఊపిరికి పైకొస్తే ఆ పుల్ల వణుకుతుంది. కాళ్ళకింద తోలుముక్క వేసుకుని, నడుం వంచి, బరిసె సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. ఇక కదలకూడదు. కాలు కదిపితే మంచు కిర్రుమంటుంది, సీల్ ఇంకో రంధ్రానికి పోతుంది. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నడుము పట్టేసింది. కళ్ళలో నీళ్ళు గడ్డకట్టాయి.

అప్పుడు వెనక మంచు కిర్రుమంది.

ఒక్కసారే. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ఇంకాస్త దగ్గరగా. కుక్కలు కావు, కుక్కల్ని దూరంగా కట్టేశాం. నా నీడ పక్కన ఇంకో నీడ వచ్చి ఆగింది. చేతిలో బరిసె నీడ కూడా కనిపించింది. వెనక్కి తిరగాలని ఒళ్ళంతా లాగింది. తిరిగితే సీల్ పోతుంది అని ఒకటి. తిరిగి చూస్తే, నేను ఆయన గురించి ఏమనుకుంటున్నానో ఆయనకి తెలిసిపోతుంది అని రెండోది. తిరగలేదు. పుల్లనే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఊపిరి వినిపిస్తోంది. అది నా ఊపిరంత వేగంగానే ఉంది. పొద్దు కొంచెం వాలింది. ఆ నీడ కదల్లేదు.

పుల్ల వణికింది. ఇంకేమీ ఆలోచించకుండా బలమంతా పెట్టి పొడిచాను. తాడు జర్రున జారింది, నన్ను కూడా లాగేసుకుపోయేదే. రెండు చేతులు వెనకనుంచి వచ్చి నా చేతుల పక్కనే తాడు పట్టుకున్నాయి. ఇద్దరం మడమలు తన్నిపెట్టి లాగాం. పెద్ద సీల్ అది. రంధ్రం అంచులు పగలగొట్టి పైకి తీసేసరికి ఇద్దరికీ రొప్పు ఎత్తుకుంది.

మావ మోకాళ్ళ మీద కూర్చుని, కాస్త మంచు నోట్లో వేసుకుని కరిగించి, ఆ నీళ్ళు చచ్చిన సీల్ నోట్లోకి వదిలాడు. ఉప్పునీళ్ళలో ఉండేదానికి మంచినీళ్ళ దాహం ఉంటుందని పాతవాళ్ళు చేసేపని. ప్రార్థన చదివించే మనిషి అది చేయగా నేనెప్పుడూ చూడలేదు.

"భయమేసిందా?" అన్నాడు తల దించుకునే.

"ఏసింది, మావా."

"నాకూ ఏసింది." బరిసె పక్కన పెట్టాడు. "మా నాన్నకి ఏం కనిపించుంటుందో చూద్దామని నిలబడ్డాను."

"ఏం కనిపించింది?"

"వీపు" అన్నాడు. చేతుల నెత్తురు మంచుతో తుడుచుకున్నాడు. "అంతసేపు ఒక మనిషి వీపు చూస్తూ కోపం పట్టుకుని నిలబడటం ఎవరివల్లా కాదురా. నీ మీద కోపంతోనే వచ్చాను నేను. నిలబడేసరికి ఎటో పోయింది. మా నాన్న కోపంతో చేసుండడు. ఇన్నేళ్ళూ కోపంతో చేశాడనే అనుకున్నాను. మరెందుకు చేశాడో తెలీదు."

ఆ రోజు తనూ ఆ మకాంలోనే ఉన్నాడట. చిన్నపిల్లాడు. పెద్దవాళ్ళు పిల్లలందర్నీ ఒకే ఇంట్లోకి తోలి గుమ్మానికి మంచుదిమ్మ అడ్డం పెట్టారట. తండ్రి తిరిగొచ్చి దీపం ముందు కూర్చున్నాడు, పెట్టిన మాంసం ఎవరూ తినలేదు. ఆయనకి గుర్తున్నది అదొక్కటే.

ఊళ్ళోకి రాగానే మావ తన ఇంటికి వెళ్ళలేదు. సీల్ చీల్చి, వేటలో తోడొచ్చినవాడికి దక్కే వాటా కోసి, తన చేత్తో మా ఇంట్లోకి మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ నన్ను నెత్తినుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. నన్ను వెళ్ళి మియాలీని పిలుచుకు రమ్మంది. తనకీ వినే హక్కుందంది.

మియాలీ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాక అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరినీ మధ్యలో పెట్టుకోలేదు. జోనాసీ వంక చూస్తూ చెప్పింది.

అగియాక్ చెడ్డవాడు కాదట. అతనంత బాగా నవ్వే మనిషిని తను ఇంకెక్కడా చూడలేదట. తులుగాక్‌కీ అతనికీ ప్రాణస్నేహం, ఒకరు లేకుండా ఒకరు తినేవాళ్ళు కాదు. ఆ శీతకాలం అమ్మకీ అగియాక్‌కీ పుట్టిన మొదటి బిడ్డ పోయింది. అది మొదలు అగియాక్‌కి నిద్ర పోయింది. ఎవరికీ వినపడనివి వినిపించేవి. మన బిడ్డని ఈ మకాంలో పిల్లలే పిలుచుకుపోయారని, వాళ్ళని కూడా పంపేస్తే అది తిరిగొస్తుందని అనేవాడు. ఒకరోజు జోనాసీ చెల్లెల్ని, పాలు తాగే పిల్లని, బట్ట లేకుండా మంచులో వదిలేశాడు. సమయానికి చూసి తెచ్చుకున్నారు. ఇంకోరోజు మంచుదిమ్మలు కోసే కత్తి పట్టుకుని జోనాసీ వెంటపడ్డాడు. మావకి ఇదేదీ గుర్తులేదు. ఆయన ముఖం తెల్లబోయింది.

"కట్టేస్తే తాళ్ళు తెంపుకునేవాడు. కావలి కాస్తే కాసేవాళ్ళు వేటకి వెళ్ళలేరు. పిల్లలు ఆకలికి తోలుముక్కలు నములుతున్నారు. పెద్దవాళ్ళు కలిసి కూర్చుని ఆలోచించారు" అంది అమ్మ. "ఇక తప్పదన్నారు. చెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. పరాయివాడి చేతిలో పోకూడదు, నేనే చేస్తా అన్నాడు మీ నాన్న. కానీ భార్య ఒప్పుకుంటేనే చేస్తానన్నాడు. నోటితో చెప్పలేనన్నాను. సరే, ఇంటి ముందు నిలబడు, నీకు ఇష్టం లేకపోతే కదలకుండా ఉండు, నేను తిరిగొచ్చేస్తా, ఇష్టమైతే చెయ్యి ఎత్తు అన్నాడు."

మియాలీ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న నా వంక మూడుసార్లు చూశాడు. నేను కదల్లేదు. ఇంట్లోంచి పిల్లల గొంతులు వినిపించాయి. అందులో నీ గొంతు కూడా ఉంది, జోనాసీ." అమ్మ ఆగింది. "అప్పుడు ఎత్తాను."

బయట కుక్కలు తమ వాటా కోసం అరుస్తున్నాయి.

పోలీసులు వచ్చినప్పుడు అందర్నీ అడిగారట. పెద్దవాళ్ళ పేర్లుగాని, తన చెయ్యి సంగతిగాని తులుగాక్ చెప్పలేదు. తిరిగొచ్చాక కూడా చెప్పలేదు. తరవాత పుట్టినవాళ్ళు ఆయన్ని హంతకుడని గుసగుసలాడుతుంటే, తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోయారు. నేను చెప్పేస్తానని అమ్మ ఆయన గుడారానికి వెళ్ళినప్పుడల్లా, నేను బతికుండగా వద్దు అనేవాడట. "ఆయన పోయాక గాని గీయలేకపోయాను. ఆయన్ని చూపించడానికి కాదు గీసింది. నన్ను చూపించడానికి" అంది.

మావ నా వైపు తిరిగాడు. "అల్లుడూ, మా నాన్నని ఉంచెయ్. ఆ చెయ్యి తీసెయ్. జన్మంతా దాచిపెట్టాడు, దాన్ని మనం బయటపెట్టడమెందుకు?"

"తీస్తే నేను ఇంకే బొమ్మా గీయను" అంది అమ్మ.

"అక్కా..."

"ఆయన దాచింది ఆయన మంచితనం. అది నేను ఇంకా వాడుకుంటూ కూర్చోలేను, తమ్ముడూ."

అమ్మ లేచి కుండలో మాంసం వేసింది. ఉడికాక అందరం ఒకే గిన్నెలోంచి తిన్నాం. మియాలీ ఆ రోజు పుట్టింటికి వెళ్ళలేదు.

మర్నాడు పనిపాకకి వెళ్ళి ముందు ఆ చెయ్యే చెక్కాను. అమ్మ వేళ్ళు విడివిడిగా గీసింది. అయిదు వేళ్ళ మధ్యా తెలుపు సన్నగా రావాలి. చుట్టూ ఉన్న రాయి కొంచెం కొంచెంగా గీకుతుంటే కుడ్లూ బాబాయి వచ్చి చూసి, దీపం దగ్గరికి జరిపాడు. తర్వాత వీపు. తర్వాత రెక్కల కోటు. అచ్చు తీసి కాగితం ఎత్తగానే ఎర్రగడ్డం చప్పట్లు కొట్టాడు. ఆ బొమ్మకి 'వేటగాళ్ళకి స్వాగతం' అని పేరు పెట్టాడు. ఇంటి ముందున్న ఆడమనిషి వేటగాళ్ళని చెయ్యూపి పిలుస్తోందనుకున్నాడు. నేను అమ్మ వంక చూశాను. వాళ్ళకి ఏ పేరైతేనేం, ఇక్కడివాళ్ళకి తెలిస్తే చాలు అంది. ఆ వేసవి ఓడలో అచ్చులన్నీ దక్షిణాదికి వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం మావ అడిగి తీసుకుని తన ఇంట్లో గోడకి పెట్టుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక, అమ్మ చెప్పిందంతా ఊరివాళ్ళకి తనే చెప్పాడు. దుకాణంలో ఆ మాటన్న ఆవిడ మరుసటి రోజు మా ఇంటికి చేపలు పంపింది.

మంచు కరిగాక అందరం ఏటి ముఖాన చేపల మకాంకి వెళ్ళాం. రాళ్ళ కట్ట వేసి, నీళ్ళలో నడుంలోతు దిగి చేపలు పొడుస్తున్న రోజుల్లో మియాలీకి నొప్పులొచ్చాయి. అమ్మే పురుడు పోసింది. ఆడపిల్ల. అమ్మ బొడ్డు కోసి, పిల్లని కుందేలు తోలులో చుట్టి, గుడారం బయట కూర్చున్న మావకి వినిపించేలా, ఎవరొచ్చారో చెప్పమని అడిగింది. పేరు చెప్పే పెద్దరికం ఆయనది.

రాళ్ళ మీద ఏరు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అగియాక్ వచ్చాడు" అన్నాడు మావ.

గుడారంలో ఉన్న ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. ఆ మనిషి పోయినప్పటి నుంచి ఆ పేరు ఏ బిడ్డకీ పెట్టలేదు. పేరుతో పాటు ఆ పిచ్చి కూడా వస్తుందని భయం. అంటే ఇన్నేళ్ళూ అతను రావడానికి చోటు లేక ఆ మంచు మీదే తిరుగుతున్నాడన్నమాట. నేను మియాలీ వంక చూశాను. ఆమె చెమటతో తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, అమ్మ వైపు తిరిగింది.

"పిలువు, అత్తా" అంది.

అమ్మ పిల్లని ఒళ్ళో సరిగ్గా సర్దుకుంది. తోలు అంచు పక్కకి తీసి ముఖం చూసింది. పసిది కళ్ళు తెరిచి, పెదవులు కదిపింది. అమ్మ పెదవులు కూడా కదిలాయి గాని మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి వచ్చిన గొంతు మా అమ్మది కాదు. నేను పుట్టకముందెప్పుడో ఏదో మంచు ఇంట్లో దీపం పక్కన వినిపించిన కొత్త పెళ్ళికూతురి గొంతు అది.

"ఏమయ్యా" అంది. "చలేస్తోందా?"